సాయవ్వ పేరు మీద

మనిషికి ముఖం ఎంతో బీడీకి మూతి అంత. ఆకు అదే, తంబాకు అదే, దారం అదే. కానీ చుట్టిన బీడీ కొసను గోటితో లోపలికి మడిచి మూసే చోట, చుట్టిన ఆడమనిషి తన గుణమంతా పెట్టి పంపుతుంది. భీమవ్వ మడత బిగుతు. అలిగిన మనిషి పెదవుల్లాగ కరుచుకుని ఉంటుంది. లింగవ్వది వదులు, ఆమె నోట్లోంచి మాట రాలినట్టే ఆమె బీడీ నోట్లోంచి తంబాకు రాలుతుంది.

బోధన్ రాకాసిపేటలోని గొడుగు మార్కు బీడీ కార్ఖానాలో దస్తగిర్ పద్దెనిమిదేళ్లుగా చెకర్. ఆడవాళ్లు ఇళ్లలో చుట్టి తెచ్చిన బీడీలను కిటికీలో కూర్చుని చూసి, మంచివి తీసుకుని, చెడ్డవి పక్కకు తోసే పని. కిటికీ అవతల ఎవరు నిలబడ్డారో తలెత్తి చూసే అలవాటు అతనికి లేదు. ఇరవై అయిదు బీడీల కట్టను అరచేతిలో నిలబెట్టి, మూతుల మీద బొటనవేలు ఒకసారి అటూ ఇటూ తిప్పి, అప్పుడు మాట్లాడతాడు.

"ఏం భీమవ్వా, పొద్దుగాల కోడలుతోని లొల్లి అయిందా? మూతులు బిర్రుగున్నయ్."

"నా కోడలు సంగతి నీకెందుకు, నా బీడీ సంగతి సూడు," అంటుంది భీమవ్వ. లొల్లి అయ్యే ఉంటుంది.

చెయ్యి చూసి జాతకం చెప్పేవాళ్లు ఊరికి పదిమంది. బీడీ చూసి చెయ్యి చెప్పేవాడు మాత్రం బోధన్ మొత్తానికి తానొక్కడేనని దస్తగిర్ గర్వం. గర్వం ఏదో ఒకనాడు తోక తొక్కించక మానదు. ఎవరి తోక అన్నదే ముందు తెలియదు.

"సాయవ్వ," అని మున్షీ హన్మాండ్లు రిజిస్టరు చూసి పిలిచినప్పుడు, దస్తగిర్ అక్క హుసేన్ బీ కిటికీ దగ్గరికి వస్తుంది. సాయవ్వ చచ్చి తొమ్మిదేళ్లు. రిజిస్టరులో ఉన్నవి రెండు వందల పన్నెండు పేర్లు. చుట్టే చేతులు అయిదు వందల పైమాట. పేరెక్కితే కార్డు ఇవ్వాలి, కార్డు ఇస్తే సెలవు ఇవ్వాలి, సెలవు ఇస్తే సేటుకు జ్వరం వస్తుంది. అందుకని ఆ రిజిస్టరులో చచ్చినవాళ్లను చావనివ్వరు, బతికినవాళ్లను పుట్టనివ్వరు. సాయవ్వ తొమ్మిదేళ్లుగా రోజుకు వెయ్యి బీడీలు చుడుతూనే ఉంది. ఒక్కనాడు ఒళ్లు వెచ్చబడలేదు. చావంత ఆరోగ్యం మరొకటి లేదు.

అందరూ మూతికి ఒక మడత వేస్తే హుసేన్ బీ రెండు వేస్తుంది, ఉత్తరం మడిచినట్టు. ఆ రెండో మడత మీద బొటనవేలు పడగానే దస్తగిర్ వేలు కాస్త నెమ్మదిస్తుంది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గి, వారానికోసారి అదే మాట అడుగుతుంది.

"దస్తగిరీ, నా పేరు మీద ఒక్క కార్డు ఇప్పియ్యరా. రేపు నేను సచ్చినా ఎవ్వలు రాయరు. సాయవ్వ ఎన్నడో సచ్చింది గద అంటరు."

"సేటుకు చెప్త ఆపా."

తొమ్మిదేళ్లుగా చెబుతూనే ఉన్నాడు, ఆమెకు. సేటుకు కాదు.

డెబ్బై ఒకటో సంవత్సరం ఎండాకాలంలో ఒక సోమవారం పొద్దున, నిజామాబాద్ ప్రెస్సు నుంచి రెండు గోనె సంచుల నిండా చిన్న చిన్న కాగితాలు వచ్చాయి. ఒక్కో కాగితం అగ్గిపెట్టెంత. దాని మీద తునికాకు నములుతున్న మేక. మేకకు కళ్లద్దాలు, కొసదేరిన గడ్డం. కింద అక్షరాలు: "అడవి ఆకు మేకల పాలు, కార్మికుల నోటి కూడు మన్ను పాలు."

రామ్‌దాస్ సేటు తంబాకు మూట మీదికెక్కి నిలబడ్డాడు. గొడుగు బీడీ సేటు గాలి ఎటు వీస్తే గొడుగు అటు వంచేవాడు. కిందటి ఏడు మంత్రిగారు బోధన్ వస్తే చెరుకు గడలతో కమాను కట్టి, గులాబీ దండ వేసి, ఆయన నెత్తిన నిజంగానే గొడుగు పట్టాడు. పన్నెండేళ్లుగా సేటు చేతిలో ఉన్న తునికాకు కల్లాలు, అంటే అడవిలో ఆకు కొనే గుత్త, ఈ ఏడు మంత్రిగారి బామ్మర్దికి దక్కాయి. దాంతో సేటుకు ఒక్కసారిగా ప్రజలు గుర్తొచ్చారు. ఆకు పోతే అక్కసు వస్తుంది, అక్కసుకు ఆదర్శమని పేరు పెడితే అచ్చు వేయించవచ్చు.

"ప్రతి కట్టల ఒక్క కాగితం," అన్నాడు సేటు. "గొడుగు బీడీ తాగే ప్రతి మనిషి గిది చదవాలె. నిజం చెప్పుతున్న. భయపడేది లేదు."

లేబులు గదిలో జిగురు ముంత ముందు కూర్చున్న ఆడవాళ్లు కాగితాన్ని తిప్పి తిప్పి చూశారు. చదువు వచ్చినవాళ్లు ఎవరూ లేరు. మేక మాత్రం అందరికీ వచ్చు.

"గీ మేకెందుకు సేటూ?" అడిగింది, బీడీలిచ్చి జిగురు పనికి కూర్చున్న భీమవ్వ.

"గిది మేక కాదు భీమవ్వా, గిది మీ అందరి బాధ."

"మా బాధకు గడ్డమెందుకున్నది?"

గది గొల్లుమంది. సేటు కూడా నవ్వాడు, మూట మీద నుంచి దిగేదాకా. దిగాక హన్మాండ్లుతో, "ఆమెను కిటికీ కాడికి పంపు, ఈడ జిగురు పని వద్దు," అన్నాడు. నిజం చెప్పడానికి భయపడని మనిషి, నిజం అడిగితే భయపడ్డాడు.

దస్తగిర్ కాగితాన్ని వేళ్లతో మడిచి చూశాడు. బీడీ మూతి సరిగా మూయకపోతే తంబాకు రాలుతుంది. సేటు మూతి మూయకపోతే ఏం రాలుతుందోనని అనుకున్నాడు కానీ, అది అతని కిటికీలోకి వచ్చే సరుకు కాదు. కట్ట తీసుకుని బొటనవేలు తిప్పాడు.

గురువారం పొద్దున అది రాలింది.

పది గంటలకు మూడు జీపులు వచ్చాయి. తూకాలవాళ్లు, తంబాకు పన్నువాళ్లు, కరెంటువాళ్లు, మంటలార్పేవాళ్లు, చివరికి దోమల మందు చల్లేవాళ్లు కూడా. కార్ఖానాలో ఇన్ని తప్పులున్నాయని దస్తగిర్‌కు పద్దెనిమిదేళ్లలో తెలియలేదు. వాళ్లకు పద్దెనిమిది నిమిషాల్లో తెలిసింది. దీపావళికి మిఠాయి డబ్బా అందుకోవడానికి తప్ప ఎన్నడూ గడప తొక్కని ఇన్స్పెక్టరు, అదే గడప మీద లక్క కరిగించాడు. చట్టం ఇన్నేళ్లు నిద్రపోయి, ఆ రోజు లేచి ముద్ర వేసింది. ఆకు గోదాముకు ముద్ర, తంబాకు గదికి ముద్ర, త్రాసుకు ముద్ర. లక్క ఇంకా వేడిగా ఉండగానే, "మీ గులాబ్ జామూన్ బాగుండేది సేట్‌జీ," అని చెవిలో చెప్పి పోయాడు.

కిటికీ ముందు చాటలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లకు ఆకు లేదు, తంబాకు లేదు. ఖాళీ చాటల వరుస గోడ వెంబడి వీధి మలుపు దాకా ఉంది. చెరుకు ఫ్యాక్టరీ వైపు నుంచి వేడిగాలికి మడ్డి వాసన వస్తోంది. లింగవ్వ తన చాటను నెత్తిన నీడకు పెట్టుకుంది.

శుక్రవారం సేటు వాళ్లకు వేరే పని ఇచ్చాడు. హన్మాండ్లు కర్రలకు అట్టలు కట్టించి ఒక్కొక్కరికీ ఒక్కటి పంచాడు. రెండు వందల మంది ఆడవాళ్లు తాలూకా కచేరీ దాకా ఎండలో నడిచారు. అట్ట మీద ఏముందో ఎవరికీ తెలియదు, మేక తప్ప. కచేరీ మెట్ల మీదికి ఒక గుమాస్తా వచ్చి, "ఎవరు పంపిండ్రు మిమ్మల్ని?" అని అడిగాడు.

"మా కడుపు పంపింది," అంది భీమవ్వ.

"కడుపుకు అట్టలు రాయొస్తయా?"

పోలీసు జవాను లాఠీ అడ్డంగా పట్టుకుని, పశువులను పొలం గట్టు మీద నుంచి తోలినట్టు వాళ్లను మెట్ల మీద నుంచి తోశాడు. హుసేన్ బీ మోకాలు రాతికి కొట్టుకుంది. ఆమె లేచి మొట్టమొదట చేసిన పని, చేతిలోని అట్ట విరగలేదు కదా అని చూసుకోవడం. అది సేటు సొత్తు. ఆ సమయానికి సేటు లోపల తహశీల్దారు ఎదుట కూర్చుని చల్లని మజ్జిగ తాగుతున్నాడు. ఊరేగింపు మొదట నడవాల్సినవాడు మజ్జిగ తుదకంటా కూర్చున్నాడు. వెంట వచ్చిన దస్తగిర్ అక్క చేతిలోంచి మేక అట్టను తీసుకుని, కాలువ గట్టు మీద బోర్లా పెట్టాడు. నోట్లో ఏదో వెగటుగా ఉంటే ఉమ్మేశాడు. వెగటు పోలేదు.

శనివారం సాయంత్రం లేబరాఫీసరు దస్తగిర్‌ను బస్టాండు పక్కనున్న ఇరానీ హోటలుకు పిలిపించాడు. పుస్తకంలా మాట్లాడే మనిషి. కాళ్ల దగ్గర ఒక ఖాకీ సంచి, పక్కన రాసుకోవడానికి ఒక గుమాస్తా.

"కూర్చోండి దస్తగిర్ గారూ," అన్నాడు.

పద్దెనిమిదేళ్లలో దస్తగిర్‌ను గారూ అన్నవాడు అతనే. చాయ్ వచ్చింది. చాయ్ మీద మలాయి కూడా వచ్చింది.

"మీరు బీడీ చూసి చుట్టినవారి పేరు చెబుతారట. నేను నమ్మలేదు. అలాంటివి జరగవండి."

"జరుగుతయ్ సార్."

"చెప్పడం సులువు."

అంతే. అంతకన్నా ఎక్కువ అవసరం పడలేదు. ఆఫీసరు సంచిలోంచి ఒక కట్ట తీసి బల్ల మీద పెట్టాడు. గురువారం కార్ఖానాలో పట్టుకుపోయిన కట్ట. దస్తగిర్ దాన్ని అరచేతిలో నిలబెట్టాడు, బొటనవేలు తిప్పాడు.

"బిల్కిస్. గాంధీపార్కు ఎనక ఇల్లు. ఎడమ చెయ్యి వాటం."

ఆఫీసరు కళ్లు పెద్దవి చేశాడు. పక్క బల్లల మీది వాళ్లు కూడా కుర్చీలు జరుపుకున్నారు. రెండో కట్ట. "వాజిదా." మూడోది. "ఎర్రన్న పెండ్లాం. కొత్తగ నేర్చుకున్నది, దారం రెండు సుట్లు ఎక్కువ." హోటలువాడు రెండో చాయ్ తనంతట తానే తెచ్చాడు. దస్తగిర్ తలెత్తకుండా ఒక్కొక్క కట్టా తీసుకున్నాడు. గుమాస్తా కలం చప్పుడు అతనికి తాళం వేసినట్టు వినిపించింది. సంచిలోని చివరి కట్ట మీద వేలు నెమ్మదించింది. రెండు మడతలు.

"గిది చూడుర్రి సార్, గిసొంటి పని బోధన్‌ల లేదు," అన్నాడు పొంగిపోతూ. "మా అక్క. హుసేన్ బీ."

ఆఫీసరు చాయ్ కప్పు కింద పెట్టాడు. "మీరు చెప్పిన పేర్లలో నలభై ఒక్కటి రిజిస్టరులో లేవు, దస్తగిర్ గారూ. మేం అడిగితే రిజిస్టరులో ఉన్నవాళ్లు తప్ప వేరే చేతులే లేవని మీ సేటు రాసిచ్చాడు."

చాయ్ చల్లబడింది. మలాయి పైన ముడతలు పడింది. తాను తొక్కిన తోక ఎవరిదో అప్పుడు తెలిసింది దస్తగిర్‌కు.

"నేను ఉత్తగ సరదాకు..."

"భయపడకండి. ఇది వాళ్ల మంచికే. రేపు బడి వరండాలో నలభై ఒక్కరి వాంగ్మూలం తీసుకుంటాం. అందరికీ కార్డులు వస్తాయి, వాళ్ల వాళ్ల పేర్ల మీద. మీ అక్కగారికి కూడా."

దస్తగిర్ ఇంటికి నడుస్తూ దారి పొడుగునా ఆ చివరి మాటనే నమిలాడు. కిటికీలో తన కొలువు పోతుంది, అది ఖాయం. కానీ తొమ్మిదేళ్లుగా అక్క కోసం తాను సేటుకు చెప్పని మాటను, ఒక్క చాయ్‌లో సర్కారు చెప్పింది.

హుసేన్ బీ మోకాలికి పసుపు పెట్టుకుని కూర్చుంది. ఆకు లేదు కనుక చేతులు ఊరికే ఒళ్లో ఉన్నాయి. వేళ్లు మాత్రం ఏదో చుడుతూనే ఉన్నాయి.

"నా పేరే రాస్తరా?" అంది. "నా పేరే?"

"నీ పేరే ఆపా."

"సాయవ్వకు ఏమైతది మరి?"

"సాయవ్వను సావనిస్తరు."

ఆదివారం బడి వరండాలో ఆమె బొటనవేలిని ఊదా సిరాలో ముంచి కాగితం మీద ఒత్తింది. ఒత్తి, వేలు తీయకుండా చాలాసేపు అట్లాగే ఉంచింది. గుమాస్తా, "చాలమ్మా, చాలు," అనేదాకా. బీడీ చుట్టీ చుట్టీ గీతలరిగిన వేలు. అచ్చు ఒక ఊదా మచ్చలా పడింది. లింగవ్వ పేరు రిజిస్టరులో ఉంది కనుక ఆమెతో పని లేదు, అయినా చూడడానికి వచ్చి, "ఆగో, బీబీ పెండ్లి పిల్ల లెక్క సిగ్గుపడుతున్నది," అంది.

మరుసటి బుధవారం సేటు మంత్రిగారిని కలిసి హైదరాబాద్ నుంచి వచ్చాడు. జీపులు వచ్చినప్పుడు పట్టిన సమయంలో సగం కూడా పట్టలేదు, లక్క పగలగొట్టడానికి. అదే ఇన్స్పెక్టరు, అదే గడప. త్రాసు సరిగ్గానే ఉందట. దోమలు కూడా లేవట. కల్లాలు సగం సేటుకు, సగం బామ్మర్దికి అని, తంబాకు మోసే హమాలీలకు కూడా తెలిసింది. మేక కాగితాలన్నీ భట్టిలో పోసి బీడీలు కాచారు. ప్రజల బాధ బాగా మండింది, తడి లేదు కనుక.

కొత్త లేబులు అచ్చై వచ్చింది. గొడుగు కింద మంత్రిగారు. కళ్లద్దాలు, కొసదేరిన గడ్డం. మేకను చూసినవాళ్లకు మంత్రిగారిని గుర్తుపట్టడం కష్టం కాలేదు.

సేటు దస్తగిర్‌ను లోపలికి పిలిచాడు. బల్ల మీద ఖాకీ సంచి ఉంది. దాని పక్కన నలభై ఒక్క ఊదా మచ్చలున్న కాగితాలున్నాయి.

"ఆఫీసర్ సాబ్ బదిలీ మీద పోయిండు," అన్నాడు సేటు. "ఆయన పోంగనే గివి వాపస్ ఇప్పిచ్చిండ్రు పైవాళ్లు. మంచి మనుషులు."

దస్తగిర్ కాగితాల వైపు చూశాడు. పైనే ఉంది అక్క మచ్చ.

"నిన్ను మాఫ్ చేసిన. తెలివి తక్కువోనివి, చెడ్డోనివి కాదు. కానీ గీ నలభై ఒక్కరు నాకొద్దు. రేపు కోర్టుకు పోతరు, కార్డు అంటరు. వీళ్లు ఎవరి పేరు మీద చుడుతున్నరో ఆ పేర్లు హన్మాండ్లు కొట్టేస్తడు. ఇంకొకరి పేరు మీద వస్తరు, నాకెరుక. పేరు మారుస్తరు, చెయ్యి మార్చలేరు గద." సేటు నవ్వాడు. "కిటికీల నువ్వుంటవ్. చెయ్యి చూస్తవ్, చెప్తవ్. గా ఆఫీసర్‌కు చెప్పినట్టే."

సర్కారు కోపానికి ఆయుధం ఆడవాళ్ల పేర్లు. సేటు కోపానికీ అవే. ఇద్దరూ కలిశాక సంధికి కానుక కూడా అవే. చేతికి చెయ్యి కలిపినవాళ్లు, చుట్టే చేతులను మధ్యలో పెట్టి కలిపారు.

శుక్రవారం పొద్దున కిటికీ తెరిచేసరికి వరుస వీధి మలుపు దాకా ఉంది. హన్మాండ్లు జాబితా పట్టుకుని దస్తగిర్ పక్కనే ముక్కాలి పీట వేసుకున్నాడు. ఖాకీ సంచి కాళ్ల దగ్గర పెట్టుకున్నాడు. రిజిస్టరులో సాయవ్వ పేరు మీద ఎర్ర గీత పడింది. తొమ్మిదేళ్ల తర్వాత ఆమెకు చావు మంజూరైంది.

మూడో మనిషి లింగవ్వ. రోజూ తెచ్చేదానికి రెండింతలు తెచ్చింది. దస్తగిర్ మొదటి కట్టను అరచేతిలో నిలబెట్టాడు. బొటనవేలు తిరిగింది. రెండు మడతలు. రెండో మడత అంచున, కనిపించీ కనిపించనంత ఊదారంగు.

వరుసలో ఎవరూ దగ్గలేదు. హుసేన్ బీ వరుసలో లేదు. వీధి అవతల గోడ నీడలో, కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది.

"ఎవరి చెయ్యి?" అన్నాడు హన్మాండ్లు.

"లింగవ్వది."

హన్మాండ్లు కట్ట లాక్కుని అరచేతిలో దులిపాడు. ఒక్క తంబాకు పలుకు రాలలేదు. "లింగవ్వ బీడీకి తంబాకు రాలుతది గద. గిది రాలుతలేదేంది?"

"ఏం మున్షీ, నేను జల్మల బాగుపడొద్దా?" అంది లింగవ్వ. "వారం దినాలు ఖాళీగుంటే బుద్ధొచ్చింది."

హన్మాండ్లు వంగి సంచిలోంచి ఒక కట్ట తీశాడు. గుమాస్తా రాసి కట్టిన పేరు చీటీని పిడికిట్లో దాచి, మూతులు మాత్రం కనిపించేట్టు పట్టుకున్నాడు. "గిదెవరిది చెప్పు, దస్తగిర్ భాయ్."

దస్తగిర్ వేలు తిప్పాల్సిన పని కూడా లేదు. బిల్కిస్. ఎడమ చేతి వాటం మడత. చీకటిలో ఇచ్చినా చెప్పగలడు. దస్తగిర్ కట్ట అందుకున్నాడు. కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు, దూరంగా జరిపాడు, వెలుతురు వైపు తిప్పాడు. ఈ పని అతని చేతులు ఎన్నడూ చేసి ఎరగవు.

"భీమవ్వది," అన్నాడు.

హన్మాండ్లు చీటీ విప్పి, "బిల్కిస్," అని చదివాడు. వరుసలో ముందున్నవాళ్లు వెనక్కి, వెనకున్నవాళ్లు ఇంకా వెనక్కి గుసగుసలాడారు. హన్మాండ్లు ఇంకొకటి తీశాడు.

"గిది?"

అక్క కట్ట. దస్తగిర్ చెమట తుడుచుకున్నాడు. "ఎర్రన్న పెండ్లాంది."

"గిది?"

"గిది... గిది గూడ భీమవ్వదే."

"వామ్మో," అంది భీమవ్వ వరుసలోంచి. "బోధన్ల ఉన్న బీడీలన్ని నేనే సుడుతున్ననా?"

లింగవ్వ కిటికీలోకి తల దూర్చి దస్తగిర్ కళ్లలోకి చూసింది. తర్వాత వరుస వైపు తిరిగి, వీధి చివరకు కూడా వినిపించేట్టు చెప్పింది.

"చెకర్ సాబ్ కండ్లకు మోతిబిందు వచ్చిందే. పాపం, పెండ్లాన్ని గూడ గుర్తు పడుతడో లేదో."

వరుస మొత్తం నవ్వింది. పద్దెనిమిదేళ్లుగా అతని వేలు చెప్పిన మాటకు తలవంచిన వరుస. ఎడమ చేతి వాటం బిల్కిస్ కూడా ఎక్కడో వెనక నుంచి నవ్వింది. దస్తగిర్ తల వంచుకుని ఆ నవ్వునంతా తీసుకున్నాడు. ఒక్కటి కూడా పక్కకు తోయలేదు.

హన్మాండ్లు సేటు గదిలోకి పోయి వచ్చాడు. "ఆ ఆఫీసర్ దగ్గర గప్పాలు కొట్టిండు అని అన్నడు సేటు. గుడ్డోడు చెప్పిన పేర్లు పట్టుకుని గింత ఆగమైతిమి అని తిట్టిండు." జాబితా చంకలో పెట్టుకున్నాడు. "లే. ఇయ్యాల్టి సంది నువ్వు లేబులు గదిల."

కిటికీలో హన్మాండ్లే కూర్చున్నాడు. అతనికి బీడీ అంటే బీడీ, చెయ్యి అంటే చెయ్యి. పేరు పిలిస్తే మనిషి వస్తుంది, మనిషి వస్తే బీడీ వస్తుంది. అంతకు మించి అతనికి చదువు లేదు. నలభై ఒక్క మందీ మధ్యాహ్నానికి ఎవరో ఒకరి పేరు వెనక సర్దుకున్నారు. హుసేన్ బీ లింగవ్వ అయింది. పోనీలే, ఈసారి బతికున్న మనిషి పేరైనా దొరికింది.

లేబులు గదిలో మగవాడు దస్తగిర్ ఒక్కడే. జిగురు ముంత, కట్టల కుప్ప, ఎదురుగా మంత్రిగారి దొంతర. కట్ట తీసుకోవడం, గొడుగు చుట్టడం, అంచు అంటించడం. పొద్దు వాలేసరికి చేతివేళ్లు ఒకదానికొకటి అంటుకుపోయాయి.

గుమ్మం దగ్గర దగ్గు వినిపించింది.

"నా చెయ్యి గూడ గుర్తు పట్టలేదంట గదరా," అంది హుసేన్ బీ.

"పట్టలేదు ఆపా."

ఆమె లోపలికి రాలేదు. అతని ఒళ్లోని కట్ట వైపు చూస్తూ నిలబడింది. దస్తగిర్ ఆమె చూపు వెంట తన చేతి వైపు చూసుకున్నాడు. లేబులు ఎడమ చేతిలో అట్లాగే ఉంది. కుడి చేతి బొటనవేలు మాత్రం బీడీల మూతుల మీద, రెండు మడతల మీద, మెల్లగా అటూ ఇటూ తిరుగుతోంది. ఎంతసేపటి నుంచి తిరుగుతోందో అతనికి తెలియదు.

"వేలు ఆపు," అంది ఆమె గొంతు తగ్గించి. "మున్షీ వస్తున్నడు."

దస్తగిర్ బొటనవేలిని జిగురు ముంతలో ముంచాడు.